అవ్వ పేరున అరవై క్వింటాళ్లు

జనగామలో నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీ స్టాఫ్‌రూములో నాకొక పేరుంది. గుంటల మేడం. నా ముఖం మీద అనరు. నేను గడప దాటాక అంటారు, నాకు వినపడేంత గట్టిగానే అంటారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడూ మండుతుంది, కాకపోతే అలవాటైంది. ఆ పేరు పెట్టినవాళ్లలో ఇద్దరి పేర్ల ముందు డాక్టర్ అని ఉంటుంది. వాళ్ల థీసిస్‌లు ఏ జిరాక్స్ సెంటరులో, ఎవరి థీసిస్‌లో జిల్లా పేరు మార్చి తయారయ్యాయో నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్లకూ తెలుసు. అందుకే నా మీద వాళ్లకు అంత ప్రేమ.

పరిశోధనలో నిక్కచ్చితనం గురించి గంటలకొద్దీ ఉపన్యాసాలు విన్నాను. శాలువా కప్పించుకుని, నీళ్ల సీసా మూత తిప్పుతూ, నిజాయితీ, ప్రమాణాలు, ప్రపంచస్థాయి అని మాట్లాడి భోజనాల వేళకు దిగిపోయే పెద్దలను చూశాను. వాళ్లెవరూ చెప్పని సంగతి ఒకటుంది. అది చాలా చిన్న పని. ఒక కాగితం మీద రాసుకొచ్చింది ఇంకో కాగితం మీదికి ఎక్కించేటప్పుడు, అది అదేనా కాదా అని చూసుకోవడం. ఆ చిన్న పని నేను చేయలేదు. ఎవరి మీద ఎంత మండిపడ్డా ముందు ఈ మాట ఒప్పుకోవాలి.

మాది బయ్యారం దగ్గరి పల్లె. మా బాపుకున్నది ఎకరం పది గుంటలు. నేను జనగామలో కాంట్రాక్టు లెక్చరరుగా చేరిన రెండో ఏడు పీహెచ్‌డీకి రిజిస్టరయ్యాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎవరికి ఎంత భూమి ఉంది, ఎకరానికి ఎంత వరి పండిస్తున్నారు అనేది నా విషయం. డాక్టరేటు వస్తే ఉద్యోగం పర్మినెంటు అవుతుందని కాదు, కానీ అది లేకపోతే ఎప్పటికీ కాదు. ఆరేళ్లు దాని మీదే పెట్టాను. సెలవులన్నీ ఊళ్లు తిరగడానికే సరిపోయాయి. మొగుళ్లపల్లి నుంచి గోదావరి ఒడ్డున మహదేవపూర్ దాకా, రైతుల అరుగుల మీద కూర్చుని ఫారాలు నింపుకొచ్చాను. ఎవరో నింపిన ఫారం ఒక్కటి కూడా లేదు. ఆ గర్వం నాకు చాలా ఉండేది.

మా వైపు ఎకరమంటే నలభై గుంటలు. రెండెకరాల ఇరవై గుంటలను కాగితం మీద 2-20 అని రాస్తాం, అంటే రెండున్నర ఎకరాలు. ఇది మాకు బడిలో ఎవరూ నేర్పరు. మాటలు వచ్చేటప్పుడే దాంతోపాటు వస్తుంది. నా గైడు సముద్రం వైపు జిల్లాల మనిషి. అక్కడ ఎకరానికి వంద సెంట్లు. రెండెకరాల ఇరవై సెంట్లను కంప్యూటరులో 2.20 అని కొట్టినా లెక్క సరిగ్గానే వస్తుంది. ఆయన అంతకుముందెప్పుడో అటువైపు చేసిన సర్వేకు తయారు చేయించుకున్న షీటునే నాకిచ్చాడు. 'అన్నీ అందులోనే ఉన్నాయమ్మా, నింపడమే నీ పని' అన్నాడు. నేను 'ఎకురం' అన్నప్పుడల్లా నలుగురి ముందు నవ్వి 'ఎకరం అనాలి' అని దిద్దే మనిషి, ఆ ఎకరంలో ఎన్ని గుంటలుంటాయో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. పోనీ, ఆయనకు తెలియదు. నాకేమైంది?

యూనివర్సిటీ డిపార్టుమెంటులో నా పక్క టేబులు దగ్గర ఒక జూనియరు కూర్చునేది. మహదేవపూర్ అవతల పల్లె నుంచి వచ్చిన పిల్ల. ఇంట్లో మొదటిసారి కాలేజీ ముఖం చూసింది తనే. అదే సారు దగ్గర నాకంటే నాలుగేళ్లు వెనక చేరింది. నన్ను అక్కా అని పిలిచేది, నా టిఫిను డబ్బాలో సగం తినేది. ఫారాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు నేను చదువుతుంటే ఆమె కొట్టేది. మొదటి ఫారం దగ్గరే షీటు మొరాయించింది. 2-20 అని కొడితే ఎర్రటి గీత పెట్టి తిప్పి పంపింది.

"అక్కా, డ్యాషు తీస్కుంటలేదు గద. చుక్క పెడ్దామా?" అంది.

పట్టాదారు పాసుబుక్కులో కూడా చుక్కే ఉంటుంది కదా అనుకున్నాను. "పెట్టు" అన్నాను. అంతే. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఎంత తక్కువ సేపు పట్టిందో తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను లాగి కొట్టుకోవాలనిపిస్తుంది. పాసుబుక్కులో ఆ చుక్కను మనిషి చదువుతాడు, అది గుంటలని మనిషికి తెలుసు. కంప్యూటరుకు తెలియదు. దానికి ముప్పై గుంటలంటే వందలో ముప్పై. అర ఎకరం మీద పావు ఎకరం ఉన్న మడి కాస్తా దాని లెక్కలో ఎకరంలో మూడో వంతు కూడా లేకుండా పోయింది.

ఫలితం వచ్చిన రోజు సారు నన్ను మొదటిసారి 'శభాష్' అన్నాడు. భూమి ఎంత చిన్నదైతే ఎకరానికి పంట అంత ఎక్కువ. ఎకరంలోపు రైతులైతే పెద్ద రైతులకు అందనంత ఎత్తులో ఉన్నారు. నేను పొంగిపోయాను. పొంగిపోక ఏం చేస్తాను? చిన్న రైతు బిడ్డను. మా బాపు జీవితాంతం పెద్దోళ్ల గెట్ల పక్కన ఒదిగి ఒదిగి నడిచిన మనిషి. సెలవుకు ఇంటికి పోయి ఆ పట్టిక బాపుకు చదివి వినిపించాను. ఆయన మర్నాడు చాయ హోటల్లో కూర్చుని 'మనసొంటోళ్లే ఎక్కువ పండిస్తున్నరట, మా బిడ్డ లెక్కలు తీసింది' అని అందరికీ చెప్పి వచ్చాడు. మనకు కావలసిన జవాబు వచ్చినప్పుడు దాన్ని ఎవరూ అనుమానించరు. నేనూ అనుమానించలేదు. సారు ఆ పట్టికను రెండు సెమినార్లలో చూపించాడు, ఏదో ప్రాజెక్టు రిపోర్టులో కూడా పెట్టేశాడు. వాటిలో ఆయన పేరు ముందు, నా పేరు వెనక.

థీసిస్ గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఇక పొడిగించేది లేదని యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. ఆ నెలాఖరులోగా ఇవ్వకపోతే రిజిస్ట్రేషను రద్దు. చివరి బైండింగుకు పోయే ముందు సారు, చివర్లో ఒక రైతు విజయగాథ పెడదాం, ఫొటోతో సహా, అన్నాడు. షీటును పంట ఎక్కువ ఉన్నవాళ్లు పైకి వచ్చేలా సర్దితే మొదటి వరుసలో మొగుళ్లపల్లి మండలంలోని ఒక అవ్వ వచ్చింది. ముప్పై గుంటల మనిషి. ఎకరానికి అరవై క్వింటాళ్లు.

'ఆమె దగ్గర ఏదో రహస్యం ఉందమ్మా. వెళ్లి పట్టుకురా' అన్నాడు సారు.

రైతు బిడ్డను, అరవై అని చదివి కూడా నాకు గుండె ఝల్లుమనలేదు. ఎకరానికి పాతిక పండితే మా ఇంట్లో పండగ. అది తెలిసీ, అవ్వ రహస్యం ఏమై ఉంటుందా అని ఆలోచిస్తూ హనుమకొండలో ఒకసారి, పరకాలలో ఒకసారి బస్సు మారి పోయాను.

అవ్వ వాకిట్లో చాట ముందేసుకుని కందులు చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టింది. ముందు ఫొటో తీసుకున్నాను. చాట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుంది. జర నవ్వవ్వా అంటే నవ్వలేదు, మళ్లీ చాట అందుకుంది. తర్వాత నోటుబుక్కు తీసి, ఏ విత్తనం వేశావని అడిగాను.

"అందరేసిన దొడ్డు రకమే ఏసిన. మా వాడకట్టోళ్లందరు ఒక్క దుకాన్లనే తెస్తరు."

"మందులు?"

"అందరు సల్లిన్నాడే నేను సల్లిన. ఏంది బిడ్డా, గిట్ల అడుగుతున్నవ్?"

నేను నవ్వుతూ, ఏదో బహుమానం ఇస్తున్నదానిలా చెప్పాను. "మూడు జిల్లాలల్ల నీ అంత పంట తీసినోళ్లు లేరవ్వా. ఎకురానికి అరవై క్వింటాళ్లు తీసినవ్."

అవ్వ చేయి ఆగింది. "ఎవలు చెప్పిన్రు?"

"నువ్వే చెప్పినవ్. నేనే రాసుకున్న."

"నేను పద్దెనిమిది చెప్పిన." కందులను చాటలోంచి గంపలోకి వంచేసి, చేతులు దులుపుకుని నా వైపు తిరిగింది. "ముప్పై గుంటల్ల పద్దెనిమిది ఎల్లినయి. పది గుంటలకు ఆరు తీరున పడ్డయి. ఇంకో పది గుంటలుంటె ఇరవై నాలుగు అవుతుండె. గదే ఎకురం. అరవై ఏడికెల్లి వచ్చింది?"

పెన్ను లేదు, కాగితం లేదు. ఆ మనిషి ఒక్క ఊపిరిలో చేసిన లెక్క నా ఆరేళ్ల షీటు చేయలేకపోయింది. ఏదో పొరపాటు జరిగి ఉంటుందని నీళ్లు నమిలాను. అవ్వ అక్కడితో వదల్లేదు. ఆమెకు కోపం వచ్చింది, ఆ కోపానికి కారణం కూడా నాకు తట్టనిదే.

"అరవై అని ఏడ రాసినవ్? కొనుగోలు సెంటర్ల ఎకురానికి గింత అని హద్దు పెడ్తరు. నాకు అరవై పండుతదని కాయిదం మీదుంటె, నేను ఎవని వడ్లనో నా పేరు మీద అమ్ముతున్న అంటరు. నా పాసుబుక్కు గుంజుకుంటె నువ్వొస్తవా అడగనీకి?"

"గది బయటికి పోయే కాయిదం గాదవ్వా."

"కాయిదమన్నంక పోతది బిడ్డా. ఇయ్యాల గాకుంటె రేపు పోతది." నా నోటుబుక్కు వైపు వేలు చూపించింది. "నా పేరు కాడ గా అరవై కొట్టెయ్. ఫొటో గూడ అద్దు. కొట్టేస్తనని ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టాను. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే అవ్వ ఎత్తిపొడుపు లేకుండా, నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. "సదువుకున్నోళ్లు గిట్లనే రాస్తరా?"

బస్సులో అవ్వ ఫారం తీసి చూశాను. నా చేతిరాతే. 0-30 అని శుభ్రంగా ఉంది. షీటు తీసి చూశాను. 0.30. పద్దెనిమిదిని దాంతో భాగిస్తే అరవై. సంచీలో ఉన్న మిగతా ఫారాలు ఒక్కొక్కటీ తీసి షీటుతో పోల్చడం మొదలుపెట్టాను, పరకాల రాకముందే మానేశాను. ఒకటి కాదు, గుంటలున్న ప్రతి మనిషి దగ్గరా అదే తప్పు. పదెకరాల ఆసామికి ఇరవై గుంటల లెక్క అటూ ఇటూ అయితే ఏమీ కాదు. ఎకరంలోపు మనిషికి ఉన్నవే గుంటలు. తప్పంతా పోయి సరిగ్గా వాళ్ల మీదే పడింది. అందుకే వాళ్ల పంట ఆకాశానికి అంటింది. నేను బాపుకు చదివి వినిపించింది పంట కాదు, నేను పెట్టించిన చుక్క. నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది, ఆ వెనకనే చిర్రెత్తుకొచ్చింది. ఎవరి మీదో తెలియదు. కండక్టరు చిల్లర ఇవ్వడం ఆలస్యం చేస్తే అతని మీద అరిచాను.

నెలాఖరుకు ఇంకా మూడు వారాలున్నాయి. పాత షీటు పక్కన పెట్టి కొత్తది చేశాను. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి. ఈసారి ప్రతి ఫారమూ రెండుసార్లు చూశాను, ఒకసారి ఎక్కించేటప్పుడు, ఒకసారి అన్నీ అయ్యాక మళ్లీ మొదటి నుంచి. జూనియరు పిల్ల రెండు రోజులు నాతో కూర్చుని చదివింది. ఎందుకు మళ్లీ చేస్తున్నావక్కా అంటే అంతా చెప్పాను. అవ్వ మాట కూడా చెప్పాను. ఆమె ముఖం మాడిపోయింది.

"చుక్క పెడ్దామన్నది నేనే గదక్కా."

"పెట్టమన్నది నేను. నీది కాదు తప్పు."

మూడో రోజు రాలేదు. సారు వేరే పని చెప్పాడంది.

మొత్తం అయ్యాక కొత్త పట్టిక తీశాను. తేడా పోయింది. చిన్న రైతూ పెద్ద రైతూ ఎకరానికి ఇంచుమించు ఒక్కలాగే పండిస్తున్నారు. నీళ్లున్నచోట పండింది, లేనిచోట పండలేదు, అంతే. ఆరేళ్లు తిరిగి కనుక్కున్నది అదీ. ఇందులో శభాష్ అనడానికి ఏమీ లేదు. అయినా అది నిజం, నాకు అప్పటికి ఉన్న ఒకే ఒక్క నిజం. దాన్ని పట్టుకుని సారు గదిలోకి పోయాను.

ఆయన మొదట నేను చెప్పేది వినలేదు. ఫోను చూస్తూ తల ఊపాడు. గుంటలు, సెంట్లు అని రెండోసారి చెప్పేసరికి ఫోను పక్కన పెట్టాడు. నేను కొత్త పట్టిక, పాత పట్టిక పక్కపక్కన పెట్టాను. ఆయనకు అర్థమైంది. వెంటనే అర్థమైంది, ఆ క్షణం నేను ఆయన కళ్లలో చూశాను. అర్థం కాకపోయి ఉంటే నాకింత కోపం ఉండేది కాదు.

"ఇప్పుడు ఇదంతా ఎందుకమ్మా?" అన్నాడు.

"తప్పు సార్ అది."

"ప్రతి పనిలోనూ కొంత తప్పు ఉంటుంది. పరిమితులు అని ఒక పేజీ ఉంటుంది కదా, అందులో ఒక వాక్యం రాసెయ్. స్థానిక కొలమానాల వల్ల స్వల్ప వ్యత్యాసాలు ఉండవచ్చు అని."

మా థీసిస్‌లన్నింట్లో ఆ పేజీ ఉంటుంది. సమయం చాలలేదు, రైతులు సహకరించలేదు, వనరులు పరిమితం. ఎవరి పాపాలు వాళ్లు అందులో కడుక్కుంటారు. "స్వల్పం కాదు సార్. అసలు ఫలితమే పోయింది" అన్నాను.

"మీ ప్రాంతంలో అన్నీ వింత కొలతలు."

"ఎకురం మీదీ మాదీ ఒక్కటే సార్. అడగకుండా ఎక్కించింది మనం." ఆ రోజు ఎకురం అనే అన్నాను, ఆయన దిద్దలేదు.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, నా మేలు కోరే మనిషిలా మాట్లాడాడు. ఆ పట్టిక ఇప్పటికే నలుగురు చూశారని, దాని మీద తన పేరు కూడా ఉందని, పరీక్షించేవాళ్లు మొదటి పేజీ, చివరి పేజీ తప్ప ఏదీ చదవరని, ఇలాంటి చాదస్తంతో బాగుపడ్డవాళ్లను తాను చూడలేదని. "పాతది తెస్తే ఇప్పుడే సంతకం పెడతాను. కొత్తదానికి పెట్టను. గడువు ఎప్పుడో నీకు తెలుసు."

పాత థీసిస్ నా సంచీలోనే ఉంది. నమూనాకని ముందే బైండు చేయించిన కాపీ, అట్ట మీద బంగారు రంగు అక్షరాలతో నా పేరు. మొదటి పేజీలో నేను సంతకం పెట్టవలసిన ప్రతిజ్ఞ ఉంటుంది, ఇందులో ఉన్నదంతా నాకు తెలిసినంతవరకు నిజమని. నాకు తెలిసినంతవరకు. ఒక నెల కిందటైతే కళ్లు మూసుకుని పెట్టేదాన్ని, అప్పుడు అది అబద్ధం కూడా కాదు. నేను ఇక్కడ పెద్ద ధైర్యవంతురాలినని రాసుకోను. ఆయన గదిలో కూర్చుని పావుగంట ఆ సంచీ జిప్పు తీస్తూ వేస్తూ ఉన్నాను. పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది అని నేనూ అనుకున్నాను. అవ్వ 'నువ్వొస్తవా అడగనీకి' అన్న మాట గుర్తుకు రాకపోతే పెట్టేసేదాన్నేమో. లేచి వచ్చేశాను.

నెలాఖరు దాటింది. రిజిస్ట్రేషను రద్దయిందని రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. పైవాళ్లకు రాసిన నా అర్జీకి జవాబే లేదు. ఇంకో ఇద్దరు ప్రొఫెసర్లను నన్ను తీసుకోమని అడిగాను. ఒకాయన ఖాళీ లేదన్నాడు, ఇంకొకాయన నవ్వి, ముందు మీ సారుతో రాజీ చేసుకోమ్మా అన్నాడు. బాపు నాతో వారం రోజులు మాట్లాడలేదు. పట్టిక తప్పైనందుకు కాదు ఆయన బాధ. డాక్టరమ్మ కావలసిన బిడ్డ ఎప్పటికీ కాంట్రాక్టు మేడంగా మిగిలిందని. స్టాఫ్‌రూములో నా కొత్త పేరు పుట్టింది కూడా అప్పుడే.

ఏడాది దాటాక జూనియరు పిల్ల నుంచి ఫోనులో ఒక పిలుపు వచ్చింది. ఆమె థీసిస్ వైవా, తప్పకుండా రావాలక్కా అని. మా వైపు వైవా అంటే పెళ్లిలాంటిది. ఎవరైనా రావచ్చు. ముందు గంటసేపు స్కాలరు చెబుతుంది, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు రెండు ప్రశ్నలు వేస్తాడు, సభలో ఎవరికైనా సందేహాలుంటే అడగవచ్చు అంటారు, ఎవరూ అడగరు, అడగడం మర్యాద కాదు. వెనక బల్లల మీద బిర్యానీ డబ్బాలు అప్పటికే సర్ది ఉంటాయి. ఆ పిల్ల ఇంట్లో మొదటి డాక్టరేటు, పోయి చప్పట్లు కొట్టి వద్దామనే పోయాను. వెనక వరుసలో కూర్చున్నాను.

నాలుగో స్లయిడు పడేసరికి నా పట్టిక కనిపించింది. కొత్తది కాదు, సారు దగ్గర మిగిలిన పాతది. భూమి చిన్నదైతే పంట ఎక్కువ. ఫారాలు నావి, ఊళ్లు నావి, తప్పు నాది. ఆ తర్వాత అవ్వ ఫొటో వచ్చింది. కొంగు సర్దుకుని, నిటారుగా, నవ్వకుండా. కింద పెద్ద అక్షరాలతో, ఎకరానికి అరవై క్వింటాళ్లు సాధించిన ఆదర్శ రైతు. ఆ ఫొటో నేను అవ్వ వాకిట్లో తీసిన వెంటనే, మాటలు మొదలుకాకముందే సారుకు పంపించినది. ఫోనులోంచి తీసేయమని తర్వాత ఆయనకు చెప్పడం మరిచిపోయాను. నిక్కచ్చితనం గురించి ఇన్ని మాటలు చెప్పే నేను అది కూడా మరిచిపోయాను.

సందేహాలుంటే అడగవచ్చు అనగానే లేచి నిలబడ్డాను. సారు నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

"ఎకురానికి ఎన్ని గుంటలు?" అని అడిగాను.

సభ నవ్వింది. నా పేరు వినివున్నవాళ్లు ఇంకొంచెం ఎక్కువ నవ్వారు. జూనియరు పిల్ల నవ్వలేదు. "నలభై" అంది.

"మీ షీటులో సున్నా పాయింట్ ముప్పై అని ఉంది. అది ఎకరంలో ఎంత?"

ఆమె సారు వైపు చూసింది. పరీక్షకుడు సారు వైపు వంగి, గుంట అంటే ఏమిటని అడిగాడు. ఆయన ఎక్కడినుంచో వచ్చిన మనిషి. "స్థానిక కొలత సర్. చిన్న విషయం. ఫుట్‌నోట్ చేర్పిస్తాను" అన్నాడు సారు. పరీక్షకుడు గంగిరెద్దులా తల ఊపాడు. డాక్టరేటుకు సిఫారసు చేస్తున్నామని ప్రకటించారు. చప్పట్లు కొట్టారు. బిర్యానీ డబ్బాల మూతలు తీశారు.

నేను మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల వెనకాలే వచ్చింది. చేతిలో మిఠాయి పొట్లం. పట్టుచీర, మెడలో పూలదండ. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"నాకెరికేనక్కా. నీతోని కూసోని నేను గూడ సదివిన గద."

"ఎరికుండి గూడ అవ్వ ఫొటో పెట్టినవా?"

"సారు పెట్టిండు."

"నువ్వు చెప్పద్దా మరి? నేను చెప్పలేదా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. నా డబ్బాలో సగం తిన్న పిల్లే. గొంతు పెంచలేదు.

"చెప్పినవక్కా. చెప్పినవ్ గనుకనే నువ్వు ఎనక వరుసల కూసున్నవ్. అది సూసినంక నేనెట్ల చెప్త?"

మిఠాయి పొట్లం నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. ఫొటోగ్రాఫరు పిలుస్తున్నాడు.

ఆ పిల్ల మీద కోపం రాలేదని రాస్తే గొప్పగా ఉంటుంది. వచ్చింది, ఇప్పటికీ ఉంది. సారు మీద ఉన్నదానికంటే ఎక్కువ ఉంది, ఎందుకంటే ఆయనకు గుంటలు తెలియవు, ఆమెకు తెలుసు. కానీ ఆమె అన్నది అబద్ధం కాదు. తప్పు దిద్దుకుంటే ఏమవుతుందో నన్ను చూసే ఆమె నేర్చుకుంది. ఆరేళ్లలో నేను ఎవరికైనా ఏదైనా నేర్పానంటే అదొక్కటే.

ఆ థీసిస్ ఇప్పుడు లైబ్రరీలో ఉంది. ఒకసారి పోయి చూశాను. అడుగున చిన్న అక్షరాల్లో ఫుట్‌నోట్ ఉంది, స్థానిక కొలమానాల వల్ల స్వల్ప వ్యత్యాసాలు ఉండవచ్చునని. పైన అవ్వ ఫొటో, దాని కింద అరవై. లైబ్రరీ పుస్తకం కాబట్టి పెన్నుతో కొట్టేయడానికి చేయి రాలేదు. అవ్వకు ఒట్టు పెట్టి వచ్చినప్పటి నుంచి నేను మొగుళ్లపల్లి వైపు పోలేదు. పోతే ఆమె మొట్టమొదట అడిగేది కొట్టేసినవా బిడ్డా అనే.